సంతకం పెట్టాల్సిన చోటు

మా ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదన్న సంగతి పోయిన ఎండాకాలం దాకా ఇద్దరికే తెలుసునని నా నమ్మకం. ఒకరు ఆయన, ఇంకొకరు నేను.

ఆయన పేరు ధనశేఖర్. చిత్తూరులో ఒక ప్రైవేటు ఐటిఐలో టర్నర్ ట్రేడుకు ఇన్‌స్ట్రక్టరు. లేతు మిషను ముందు నిలబడితే ఆయన చేతికి తిరుగు లేదు. తిప్పిన ఇనుప ముక్కను వేలితో తడిమి, ఇంకా ఎంత తీయాలో కొలవకముందే చెబుతాడు. డ్రాయింగు చూస్తాడు, అంకెలు చూస్తాడు, తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి సినిమా పేజీ దాకా వదలడు. ఇంగ్లీషు మాత్రం ఒక్కో అక్షరం గుర్తుపడతాడు, నాలుగు కలిస్తే దారి తప్పుతాడు. పల్లెలో ఎనిమిదో తరగతి దాకా చదివి, లేతు షాపులో పని నేర్చి, ఆ తర్వాత సర్టిఫికెట్టు తెచ్చుకున్న మనిషి. ఆ సర్టిఫికెట్టు ఎలా వచ్చిందని అడక్కండి. ఆ రోజుల్లో అందరికీ ఎలా వచ్చిందో ఆయనకూ అలాగే వచ్చింది.

నా పేరు పంకజాక్షి. మా నాయనకు చర్చి వీధిలో కిరాణా అంగడి. నేను ఇంగ్లీషు మీడియంలో బి.ఏ. చదివాను. ఆ గర్వం నాకుంది, దాచను.

పెళ్లయిన రెండో నెలలో ఆయన ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టి, "కంటికి ఏందో అడ్డం పడతా ఉండాది, ఇది కొంచెం సదువు" అన్నాడు. చదివాను. మర్నాడు ఇంకొకటి తెచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ల మనిషికి రోజూ కంటికి ఏం అడ్డం పడుతుందబ్బా అనుకుని, మూడో రోజు సూటిగా అడిగేశాను. ఆయన తల వంచుకుని కాఫీ గ్లాసు వైపు చూస్తూ, "రాదు" అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాట మా మధ్య రాలేదు.

అప్పటి నుంచి పదహారేళ్లుగా మా ఇంట్లో తెల్లవారు జామున ఒకటే తంతు. పాలు పొంగేలోపు ఆయన ఆ రోజు ఏం పాఠం చెప్పబోతున్నాడో తెలుగులో చెబుతాడు, నేను ఇంగ్లీషులో పాఠ్య ప్రణాళిక రాస్తాను. డైరీ రాస్తాను. తనిఖీకి వచ్చేవాళ్లకు కావలసిన కాగితాలన్నీ రాస్తాను. రాశాక ఒక్కో కాగితం కింద చూపుడువేలు పెట్టి "ఇక్కడ" అంటాను. ఆయన అక్కడ సంతకం చేస్తాడు. ఇంగ్లీషులోనే. ఆ సంతకం ఆయన బొమ్మ గీసినట్టు నేర్చుకున్నాడు, మొదటి అక్షరానికి పెద్ద పొట్ట.

రెండేళ్ల కిందట ఆ ఐటిఐలోనే నాకు ఇంగ్లీషు టీచరు పని దొరికింది. అది మా మంచికే అనుకున్నాం.

* * *

మార్చి ఆఖర్లో కరస్పాండెంటు శ్రీనివాసులు గారు మమ్మల్నందరినీ తన గదికి పిలిపించాడు. ఐటిఐ ఆయనదే. పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. శ్రీ సిటీలో ఏదో కంపెనీ తరఫున వచ్చాడు. ఇక మీదట ఏడాదికి ఇరవై మందిని మన దగ్గర నుంచే తీసుకుంటారట, ఒక కొత్త కంప్యూటరు లేతు కూడా మనకు ఇస్తారట.

"ఒకటే షరతు," అన్నాడు ఆఫీసరు. "మిషను తెర మీద వచ్చేదంతా ఇంగ్లీషే. చదవలేని పిల్లలు నాకు వద్దు. ఇక్కడ కూడా, చదవగలిగినవాళ్లకే మిషను ఇవ్వండి. చదవలేని వాళ్ల మీద మిషను టైము ఎందుకు దండగ?"

మా ఆయన గోడ వైపు నిలబడి ఉన్నాడు. "సార్, పని నేర్చేది చేత్తో గదా సార్" అన్నాడు మెల్లగా.

"నిజమే. కానీ చేతికి ఏం చెయ్యాలో చెప్పేది కన్ను" అన్నాడు ఆఫీసరు నవ్వుతూ. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాననే గుర్తు.

ఆఫీసరు ఇంగ్లీషులో ఒక పేజీ ఇచ్చి వెళ్లాడు. మిషను మొదలుపెట్టేటప్పుడు పాటించాల్సిన పద్ధతులు, పన్నెండు వాక్యాలు. ఆ శనివారం రెండో సంవత్సరం టర్నర్ పిల్లలను ఇరవై నలుగురినీ ఒక్కొక్కరిగా నా బల్ల దగ్గరకు పిలిచి చదివించాను. ఆరుగురు చదివారు. మిగిలిన వాళ్లలో కొందరు మొదటి రెండు మాటలు పలికి నా మొహం చూశారు, కొందరు ఆ రెండూ పలకలేదు. వీళ్ల రికార్డు పుస్తకాలు చూస్తే మాత్రం కళ్లు చెదిరిపోతాయి. ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు, ఎరుపు సిరాతో గీతలు. ఒక్క ముక్క అర్థం కాకుండా రెండేళ్లు చూసి రాసిన పిల్లలు. వాళ్లకు టీచర్ని నేనే, కాబట్టి ఆ తప్పులో నా వాటా నాకుంది.

మోహన వంతు వచ్చినప్పుడు ఆ పిల్ల కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"మేడమ్, బొమ్మ సూపిస్తే చేసి సూపిస్తా మేడమ్. సదవమంటే నాకు కండ్లు తిరగతాయి."

ఆ ట్రేడులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల మోహన. గుడిపాల దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లి ఆనందమ్మ మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోస్తుంది, మిగిలిన కాలంలో కూలికి పోతుంది. మోహన లేతు ముందు ఎలా ఉంటుందో చూడమని మా ఆయన ఒకసారి నన్ను పని కట్టుకుని షెడ్డులోకి పిలిచాడు. మిషను తిరుగుతుంటే ఆ పిల్ల తల కొంచెం పక్కకు వాల్చి, చప్పుడు వింటూ హ్యాండిలు తిప్పుతోంది. టూల్ మొక్కబోతే ఆ చప్పుడులోనే తెలిసిపోతుందట. ఇనుప పొట్టు పొడవుగా చుట్టలు చుట్టుకుని కింద పడుతోంది.

"నేను నేర్పింది కాదు అది," అన్నాడు మా ఆయన నా చెవి దగ్గర. "ఆ బిడ్డ పుట్టకతోనే తెచ్చుకునింది. ఇరవై ఏండ్లలో ఇట్లాటి చేతిని నేను సూడలా."

మాకు పిల్లలు లేరు. ఆయన మొహంలో ఆ వెలుగు చూసి నాకు సంతోషమూ కలిగింది, కొంచెం కడుపు మండిందీ. రెండూ నిజమే.

* * *

పిల్లలతో అయిపోతే బాగుండేది. మరుసటి వారం కరస్పాండెంటు ఇంకో మాట చెప్పాడు. ఏప్రిల్ ఆఖర్లో ఆఫీసరు మళ్లీ వస్తాడు, పిల్లలతో పాటు ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఆ పేజీ చదివి వినిపించాలి. కొత్త మిషను ఎవరి చేతికి ఇవ్వాలో తేల్చుకోవడానికి.

ఆ సాయంత్రం మా ఆయన సంగటి ముద్ద ముందు కూర్చుని, దాన్ని వేళ్లతో గిల్లుతూ ఉండిపోయాడు.

"పిలకాయల ముందర నన్ను నిలబెట్టి సదవమంటారా?" అన్నాడు. "పదారేండ్లు ఆ షెడ్డులో పని సేసినా. ఒక్క పిల్లోని వేలికి గాటు పడనీలా."

"చదవండి. ఏమవుతుంది?"

"ఎగతాళి సేస్తా ఉండావా?"

"లేదు. నేను చెప్పినట్టు చేస్తే చదువుతారు."

ఆ ఉపాయం నాదే. మా వీధి చివర గుడి మైకులో రోజూ పొద్దున్నే సంస్కృత స్తోత్రాలు వస్తాయి. మా ఆయనకు అవన్నీ నోటికొచ్చు. మా వీధిలో అందరికీ వచ్చు. కొండకు నడిచిపోయేటప్పుడు అలిపిరి నుంచి పైదాకా ఒక్క తప్పు లేకుండా పాడతారు. ఒక్క ముక్కకు అర్థం అడిగితే తెల్లమొహం వేస్తారు. మాకు నోటికి రావడమే చదువు. పన్నెండు వాక్యాల ఇంగ్లీషు ఏపాటి?

పేజీ మొత్తం నిదానంగా చదివి ఫోనులో రికార్డు చేసి ఇచ్చాను. అయిదో వాక్యం అయ్యాక మా వీధిలో పాలవాడు హారన్ కొట్టాడు. నేను ఒక్క క్షణం ఆగి ఆరో వాక్యం అందుకున్నాను. మళ్లీ రికార్డు చేయడానికి బద్ధకించాను. ఆయన చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని బండి మీద పోతూ విన్నాడు, స్నానం చేస్తూ విన్నాడు. మూడు వారాల్లో కాగితం చేత్తో పట్టుకుని గడగడా చదివేస్తున్నాడు. అయిదో వాక్యం తర్వాత మాత్రం ఒక్క క్షణం ఆగేవాడు. పాలవాడు పోయేదాకా.

"అక్కడ ఆగొద్దు" అన్నాను.

"ఆగకుంటే ఆరోది రాదు" అన్నాడు.

పోనీలే అనుకున్నాను. ఆ రికార్డే మోహనకు కూడా పంపించాను. అది నేను చేసిన మంచి పని అని ఆ రోజు అనుకున్నాను.

* * *

ఆఫీసరు వచ్చిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. షెడ్డులో మిషన్లు ఆపేసి, ముందు వరసలో కుర్చీలు వేశారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చదువుతున్నారు. ఈసారి మొత్తం మీద పదకొండు మంది గట్టెక్కారు. మోహన వచ్చింది. తలకు కొబ్బరినూనె రాసి రెండు జడలు వేసుకుంది. కాగితం చేతిలోకి తీసుకుని మొదటి వాక్యం నుంచి పన్నెండో వాక్యం దాకా ఎక్కడా తడబడకుండా చదివింది. అయిదో వాక్యం తర్వాత ఒక్క క్షణం ఆగింది.

ఆఫీసరు ముచ్చట పడ్డాడు. "బాగుందమ్మా. ఏడో వాక్యం ఇంకొకసారి చదువు."

మోహన కాగితం వైపు చూసింది. ఏడో వాక్యం కాగితం నడిమధ్యన ఉంది, నాకు అంత దూరం నుంచే కనబడుతోంది. ఆ పిల్ల పెదవులు కదలడం మొదలైంది. మొదటి వాక్యం దగ్గర్నుంచి. కాగితం కింద వేళ్లు ఒక్కోటీ మడుస్తోంది. అయిదో వేలు మడిచి, ఒక్క క్షణం ఆగి, ఆరు దాటి, అప్పుడు గొంతు పైకి తీసి ఏడో వాక్యం చదివింది. తప్పు లేకుండా.

ఆఫీసరు తెలివైనవాడు. మందలించలేదు. "నీ జ్ఞాపకశక్తి గొప్పదమ్మా" అని, తన కాగితం మీద ఆ పిల్ల పేరుకు అడ్డగీత పెట్టాడు. మోహన పోయి గోడ దగ్గర నిలబడింది.

తర్వాత మా ఆయన. చొక్కా వీపు మొత్తం తడిసిపోయి ఉంది. కాగితం తీసుకున్నాడు. నా గొంతే వింటున్నట్టు ఉంది నాకు. అదే నిదానం, అవే ఎత్తుపల్లాలు. అయిదో వాక్యం అయింది. ఆగాడు. గోడ దగ్గర మోహన తల ఎత్తింది. ఆరు అందుకున్నాడు. పన్నెండు ముగించాడు. ఇప్పుడు అడుగుతాడు, ఏడో వాక్యమో మూడో వాక్యమో అడుగుతాడు అని నేను చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"థాంక్యూ సార్," అన్నాడు ఆఫీసరు లేచి నిలబడి. "మీలాంటి పెద్దవారిని చదవమనడమే తప్పు. ఏమీ అనుకోకండి."

ఆ మర్యాద మమ్మల్ని కాపాడింది. గండం గడిచిందని నేను ఇంటికొచ్చి దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టాను. మా ఆయన హారతి కళ్లకద్దుకోలేదు.

"ఆ బిడ్డను అడిగినాడు, నన్ను అడగలా" అన్నాడు.

"అడగనందుకు దండం పెట్టుకోండి."

"అది కాదులే" అని బయటికి వెళ్లిపోయాడు.

* * *

మే మొదటి వారంలో, సెలవులు ఇవ్వడానికి రెండు రోజుల ముందు, కరస్పాండెంటు నన్ను పిలిచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం టైపు చేయమన్నాడు. కంపెనీకి పంపాల్సింది. ఈ కింది పదమూడు మంది చదవలేరు కాబట్టి వారిని మిషను పని నుంచి తప్పించి చేతి ఆకురాయి పనికి మారుస్తున్నాం, ఇందుకు ట్రేడు ఇన్‌స్ట్రక్టరు పూర్తి సమ్మతి ఉంది. కింద పదమూడు పేర్లు. తొమ్మిదోది మోహన.

"ధనశేఖర్ ఏమన్నా అంటాడంటావామ్మా?" అన్నాడు శ్రీనివాసులు గారు. "ఆ పిల్ల మీద ఆయనకు అభిమానం. వద్దంటే సెప్పు, ఆఫీసర్ని మళ్లీ పిలిపిస్తాం. అందురూ ఇంకోసారి కూసుందాం. సదివేది, అర్థం సెప్పేది, అన్నీ ఆఫీసర్ ముందరే తేలిపోతాయి."

"ఏమీ అనరు సార్" అన్నాను.

ఇంటికి తీసుకొచ్చాను. ఆ ఉత్తరం చదివి వినిపిస్తే మా ఆయన ఏం చేస్తాడో నాకు తెలుసు. చొక్కా కూడా తొడుక్కోకుండా పోయి కరస్పాండెంటుతో పోట్లాడతాడు. ఆఫీసరు మళ్లీ వస్తాడు. ఈసారి మర్యాదలుండవు. పదహారేళ్లుగా నేను కప్పి ఉంచింది ఇరవై నలుగురు పిల్లల ముందు ఊడిపోతుంది. ఉద్యోగం సంగతి తర్వాత, ఆ మనిషి మళ్లీ తలెత్తుకుని ఆ షెడ్డులోకి పోలేడు. అలా అనుకున్నాను. ఒక పిల్ల నాలుగు నెలలు ఆకురాయి పట్టుకుంటే ఏమవుతుంది అని కూడా అనుకున్నాను. రెండో మాట అనుకోకుండా ఉండాల్సింది.

పొద్దున కాఫీ దగ్గర కాగితాలన్నీ కట్టగా పెట్టాను. నెల డైరీ, సామాను జాబితా, సెలవు కాగితం, నాలుగోది ఉత్తరం.

"ఇక్కడ" అన్నాను. పెట్టాడు.

"ఇక్కడ." పెట్టాడు.

"ఇక్కడ."

మూడోదీ అయింది. నాలుగో దాని మీద పెన్ను ఆనించి ఆగాడు. "ఏమిది, ఇంత పొడుగుండాది?"

"ఏటా ఉండేదే. పిల్లల జాబితా."

ఆ పేర్లు చూసి ఉంటే కూడబలుక్కుని ఉండేవాడేమో. మోహన పేరులో ఇంగ్లీషులో ఆరే అక్షరాలు. కానీ ఆయన పేర్ల వైపు చూడలేదు. నా వేలున్న చోటే చూశాడు. పెద్ద పొట్ట వేసి సంతకం చేసి, కాఫీ తాగి, "ఈ పొద్దు చక్కెర తక్కవయింది" అన్నాడు.

* * *

జూన్ రెండో వారంలో ఐటిఐ తెరిచారు. ఊరి రోడ్లన్నీ తోతాపురి మామిడి లారీలతో నిండిపోయి ఉన్నాయి. నా క్లాసు గది షెడ్డుకు ఆనుకునే ఉంటుంది. మొదటి పీరియడులో షెడ్డులోంచి కరస్పాండెంటు గొంతు వినబడితే బయటికి వచ్చాను. మోహన ఎప్పటి మిషను దగ్గరే నిలబడి ఉంది. సెలవుల్లో తల్లితో కలిసి ఫ్యాక్టరీకి పోయినట్టుంది, వేళ్లకు మామిడి సొన మచ్చలు. మా ఆయన పక్కనే ఉన్నాడు.

"ఈ పిల్ల ఈ మిషను కాడ ఉండకూడదు గదప్పా," అంటున్నాడు శ్రీనివాసులు గారు.

"ఎవురు సెప్పింది? నా షెడ్డులో ఎవురు యాడ నిలబడాలో నేను సెప్తా సార్."

"నువ్వే సెప్పినావు. సంతకం పెట్టిచ్చి నన్నడగతావేంది?"

జేబులోంచి ఉత్తరం నకలు తీసి ఆయన చేతికిచ్చాడు. మా ఆయన దాన్ని పట్టుకుని చూశాడు. పైనుంచి కిందికి చూశాడు. కింద ఆ పెద్ద పొట్ట సంతకం దగ్గర ఆగిపోయాడు. తర్వాత తలెత్తి షెడ్డు తలుపు దగ్గరున్న నా వైపు చూశాడు. కోపంగా కాదు. దారిలో తెలియని మనిషిని చూసినట్టు.

నేను అప్పుడు నోరు తెరిచి, "ఆయనకు తెలీదు, నేనే పెట్టించాను" అని ఉండొచ్చు. అనలేదు.

మోహనే కదిలింది. ఇనుప ముక్కను బిగించే చక్ కీని మిషను మీద పెట్టి, "సార్ సంతకం పెట్టినాడంటే ఏందో ఉంటాదిలే. నేను ఆకురాయి బెంచీ కాడికి పోతా సార్" అని పక్కకు వెళ్లిపోయింది.

ఆ రాత్రి కాదు, ఆ మర్నాడు కాదు, నాలుగో రోజు పొద్దున ఆయన నన్ను ఆ ఒక్క మాటా అడిగాడు.

"ఆ కాయితంలో ఏముండాదో నీకు తెలుసు గదా?"

"తెలుసు. మీ కోసమే చేశాను. చదివి చెప్పుంటే మీరు గొడవకు పోయుందురు. మీ సంగతి బయటపడి ఉండేది."

"అది నేను సూసుకోవల్సింది."

"మీరేం చూసుకుంటారు? చదవడమే రాదు గదా."

పదహారేళ్లలో ఆ మాట నేను అనడం అదే మొదలు. ఆయన లేచి నిలబడ్డాడు. కాగితాల కట్ట తీసుకుని బండి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి పాఠ్య ప్రణాళికలు తెలుగులోనే రాసుకుని పోయేవాడు. తనిఖీ వాళ్లు ఏమంటారో అని నేను భయపడ్డాను. ఆయన భయపడలేదు.

మోహన వారం రోజులు ఆకురాయి పట్టింది. తర్వాత రావడం మానేసింది.

* * *

జులైలో ఒక ఆదివారం నేను గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గరకు పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. క్షమించమని అడగడానికి పోలేదు, ఆ మంచితనం నాకు లేదు. వెనక్కి రమ్మని చెప్పి నా మనసు తేలిక చేసుకుందామని పోయానేమో. గేటు బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. కింద పడి చితికిన కాయల మీద ఈగలు. మధ్యాహ్నం షిఫ్టు వదిలాక మోహన బయటికొచ్చింది. తలకు ప్లాస్టిక్ టోపీ, మోకాళ్ల దాకా బూట్లు. నన్ను చూసి నవ్వింది.

"మేడమ్, మీరేంది ఈడ? సార్ బాగుండాడా?"

ఆ పిల్ల చేతులు చూశాను. సొనకు వేళ్ల చర్మం నల్లగా కాలి, పొరలు పొరలుగా లేచి ఉంది. లేతు మీద పని అయ్యాక ఆ వేళ్లతో ముక్కను తడిమి తేడా చెప్పేది.

"మందు పూయొచ్చు గదా" అన్నాను.

"కాయలు అయిపోయినాక అదే పోతాది మేడమ్."

"మోహనా, నువ్వు వచ్చేయి. నేను ఇంగ్లీషు సరిగ్గా నేర్పిస్తా. ఈసారి బట్టీ కాదు."

"అమ్మకు నడుము పడిపోయింది మేడమ్. ఆమె తావులో నేనుండా." బూటుతో నేల గీస్తూ మళ్లీ అంది: "సార్‌ను ఏమీ అనుకోవద్దని సెప్పండి మేడమ్. సార్ కష్టం నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"సార్‌కి కూడా సదవను రాదని."

నేను ఒక అడుగు దగ్గరికి జరిగాను. "ఎవరు చెప్పారు?"

"సారే. మొదటి సంవత్సరంలో ఒక దినం ఏందో ఇంగ్లీషు కాయితం వచ్చింది. షెడ్డులో నేనొక్కదాన్నే ఉండా. 'ఇది సదివి సెప్పమ్మా' అని నాకిచ్చినాడు. నేను సూసినా, సూసినా, తెలవలా. 'నాకూ రాదు సార్' అన్నా. 'నాకూ రాదు' అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం మేడమ్. ఇంటికి తీసకపోతే మీరు సదివి సెప్తారులే అన్నాడు. ఆ పొద్దుట్నించి నాకు సార్ కాడ భయం పోయింది. రాకపోయినా సార్ అంత పని సేస్తాడు గదా, నేనూ సేస్తా అనుకున్నా." మోహన టోపీ తీసి నుదురు తుడుచుకుంది. "ఆ సంతకం పెట్టకుంటే సార్ సంగతి బయట పడుంటాది. ఎవురైనా పెడతారు మేడమ్. నేను సార్ అయితే నేనూ పెట్టుంటా."

నాకు తనంతట తాను చెప్పుకోని సిగ్గు ఆయన ఒక పద్దెనిమిదేళ్ల పిల్లతో నవ్వుతూ చెప్పుకున్నాడు. నేను మూసి పెట్టిందంతా వాళ్లిద్దరి మధ్యా బరువు లేకుండా ఉండింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. ఆయనకు తెలియదే, ఆ వేలు నాదే అని ఒక్క మాట. ఆ పిల్ల ఆయన్ను క్షమించి నిలబడి ఉంది, ఆయన చేయని తప్పుకు. నేను సంచిలోంచి అరటిపండ్లు తీసి ఆమె చేతిలో పెట్టి, "అమ్మను అడిగినానని చెప్పు" అని బస్సెక్కాను.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను, పోయి మోహనను చూసొచ్చానని, మీరే కావాలని సంతకం పెట్టారని అనుకుంటోందని. ఆయన చేతిలో ఉన్న పెన్సిలు పక్కన పెట్టాడు. ఒకటో తరగతి ఇంగ్లీషు పుస్తకం ఒకటి పాత పుస్తకాల అంగట్లో కొనుక్కొచ్చుకున్నాడు, దాని మీద అక్షరాల కింద తెలుగులో గుర్తులు, మాటల కింద అర్థాలు రాసుకుంటున్నాడు. నన్ను ఒక్క అక్షరం అడగలేదు.

"నాకు తెలుసు. నేనూ పోయుంటి రెండు మార్లు" అన్నాడు.

"మరి చెప్పలేదా, మీకు తెలియకుండా జరిగిందని?"

"ఎట్ల సెప్పేది? నా పెండ్లామే నన్ను మోసం సేసిందని ఆ బిడ్డతో సెప్పేదా?"

మళ్లీ పెన్సిలు తీసుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి, కుళాయి విప్పి, దాని చప్పుడులో ఏడ్చాను.

* * *

ఆగస్టులో మామిడి లారీలు ఆగిపోయాయి. కొత్త మిషను వచ్చింది. కరస్పాండెంటు మా ఆయనకు ఒక కాగితం ఇచ్చాడు, మర్నాడు సంతకం చేసి తీసుకురమ్మని.

పొద్దున కాఫీ ఇద్దరికీ పోసి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన కాగితం తీసి తన వైపే పెట్టుకున్నాడు. నా చెయ్యి అలవాటుగా బల్ల మీదికి పోయింది. ఆయన కాగితాన్ని ఇంకొంచెం తన వైపుకు లాక్కుని, తన వేలు మొదటి అక్షరం కింద పెట్టాడు.

నేను తలకిందులుగా కూడా చదవగలను. పిల్లల ఎదురుగా కూర్చుని కూర్చుని అబ్బిన విద్య. ఒక్క నిమిషంలో పేజీ మొత్తం చదివేశాను. కొత్త మిషనుకు ఆయన్నే ఇన్‌స్ట్రక్టరుగా వేస్తున్నారు. నాలుగో లైనులో ఉంది అసలు సంగతి. చదవలేని ఏ పిల్లనూ ఏ పిల్లవాణ్నీ ఇక మీద మిషను దగ్గరకు రానివ్వనని ఆయన రాసివ్వాలి. అలా రాసివ్వకపోతే ఆయన సేవలు ఆ నెలాఖరుతో సరి.

ఆయన ఇంకా మొదటి లైనులోనే ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఒక మాట దగ్గర ఆగి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చాడు. గుడి మైకులో స్తోత్రం మొదలైంది, అయిపోయింది. పాలవాడు హారన్ కొట్టుకుంటూ పోయాడు. రెండో లైను. కాఫీ మీద మీగడ కట్టింది. నాలుగో లైనులో ఏముందో చెప్పాలని నా నాలుక మీదికి వచ్చింది. చెబితే నమ్ముతాడా అన్నది నాకు తెలియదు, అడగడానికి ధైర్యమూ లేదు. మూడో లైను. చెమట కణత మీదుగా కారుతోంది, తుడుచుకోలేదు, వేలు తీస్తే చోటు తప్పిపోతుందని.

నాలుగో లైను దగ్గరకు ఆయన వేలు వచ్చేసరికి ముప్పావుగంట అయింది. ఆ లైను ఒకసారి చదివాడు. మొదటి నుంచి రెండోసారి చదివాడు. తర్వాత పెన్ను మూత తీయకుండానే జేబులో పెట్టుకుని, కాగితం బల్ల మీదే వదిలేసి, లేచి చెప్పులు వేసుకున్నాడు.

"పనికి పొయ్యొస్తా" అన్నాడు.

సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. బల్ల మీద చాచి ఉన్న నా వేలిని నేను మెల్లగా వెనక్కి తీసుకున్నాను.